తలుపు మీద వేసిన నింద

పోనీ తలుపుకు మాత్రం నోరుందా, ఎవరేమన్నా పడుతుంది, అనుకుంటూ వంటగది గడపలో నిలబడింది ఆమె, ఎదురుగా వడ్రంగి గట్టు కింది అలమర తలుపును తెరిచి వదులుతున్నాడు, వదిలినచోటే అది బుద్ధిగా ఆగుతోంది, అతన్ని పిలిపించింది తనే, కోడలి చెంప కమిలింది ఈ తలుపు తగిలేనని పక్కింటావిడకు చెప్పిందీ తనే, రెండోసారి కమిలినప్పుడూ ఇదే తలుపు, ఆవిడ అలమర ఎత్తెంతని అడగలేదు, ఒకే మాటను పదిసార్లు చెబితే చెప్పినవాళ్లకే కళ్లారా చూసినట్టుంటుంది, లేకపోతే ఎవరైనా అబద్ధానికి మరమ్మతు చేయిస్తారా, బందులు బిర్రుగా ఉన్నాయి అమ్మగారూ, అంటున్నాడు వడ్రంగి, తోస్తేగానీ కదలదు, పైగా నా మోకాలిని దాటి రాదు, ఇది చెంపకు తగలాలంటే మనిషి కింద కూర్చుని దీన్ని బతిమాలుకోవాలి, అని నవ్వాడు, ఆమెకు నవ్వు రాలేదు.

కొడుక్కి కోపం ముక్కుమీద ఉంటుంది, అంతే, దిగాక వెన్నముద్ద, ఆఫీసులో పైఅధికారి పోరు, ఆరోజు నిద్ర కూడా లేదు, ఇలా దెబ్బకో కారణం తడుముకుంటూనే ఉంది తను, మరి అంత పోరుపెట్టే ఆ అధికారి చెంప ఒక్కసారీ కమలలేదేం, ఒళ్లు తెలియని కోపానికి మనిషిని ఎంచుకునే తెలివి ఎక్కడిది, ఈ ప్రశ్న ఇన్నాళ్లు అడక్కుండా ఎలా ఉండగలిగింది, పొద్దున కోడలు బట్టలు సంచిలో సర్దుతూ, అత్తయ్యా, అక్క వస్తోంది, తనతో వెళ్లిపోతాను, ఈ దెబ్బలు నాకు నేనే తగిలించుకున్నవని ఆయన అక్కకు ఫోన్ చేసి చెప్పారు, మీరు చూసింది చెప్పండి చాలు, అంది, నేనేం చూశానమ్మా, అప్పుడు నీళ్లు పట్టుకుంటున్నాను, అంది తను, కుళాయి తిప్పిన మాట నిజమే, బకెట్ నిండి నీళ్లు పొర్లుతుంటే ఈ గడపలోనే కదలకుండా నిలబడి చూసిన మాటా నిజమే.

గంట మోగింది, అక్క లోపలికి వచ్చి చెల్లెలి చెంప చూసి చెయ్యి పట్టుకుంది, మరిదిగారు ఇలా అంటున్నారు, మీరు ఇంట్లోనే ఉన్నారుగా అత్తయ్యగారూ, అని మెల్లగా అడిగింది, కోడలు నేలచూపులు చూస్తోంది, ఏ జవాబు వస్తుందో తెలిసిపోయినదానిలా, ఆ వంచిన మెడను చూస్తూ ఆమె గడప వదిలి ముందుకొచ్చింది, వాడు రేపటినుంచి అమ్మా అని పిలవకపోవచ్చు, పిలవకపోతే మానె, ఉన్నానమ్మా, మావాడే కొట్టాడు, రెండుసార్లూ నేను చూశాను, ఎవరడిగినా చెబుతాను, వాడి ఎదుటైనా సరే, అంది, ఇల్లు కూలలేదు, వడ్రంగి చప్పుడు చేయకుండా పనిముట్లు సర్దుకున్నాడు, కోడలు తలెత్తి ఎన్నో నెలల తరువాత ఆమె ముఖంలోకి తిన్నగా చూసింది, అప్పుడు తెలిసింది ఆమెకు, ఈ పిల్లకే కాదు, ఆ కొడుకుకు కూడా తల్లిగా తను చేయగలిగిన మేలు ఇదేనని, అది ఇవాళ్టికి మొదలైందని.