జిబెక్ మింగిన మందు

జిబెక్ అంటే మా కిర్గిజ్ భాషలో పట్టు. ఎంతో మురిపెంగా పెట్టుకున్న పేరు. అయితే మూడో నెల నిండేసరికే ఆ పిల్ల బుగ్గలు ఎర్రగా పొక్కాయి. తర్వాత మోచేతుల మడతల్లోనూ మోకాళ్ల వెనకా చర్మం చిట్లి, రసి కారడం మొదలైంది. ఇప్పుడు ఆరో ఏడు నడుస్తున్నా అది పూర్తిగా వదల్లేదు. కొండల మధ్య ఉన్న మా కొచ్‌కోర్ ఊళ్లో చలిగాలి తగిలితే మంచి చర్మమే పగులుతుంది, ఇక ఆ పిల్ల సంగతి చెప్పాలా? పైగా ఆ ఇంటి బతుకుతెరువే ఉన్ని. తల్లి బురుల్, నాన్నమ్మ సోనున్ కలిసి ఉన్నిని వేణ్నీళ్లతో, సబ్బుతో తడిపి, చాపలో చుట్టి, తొక్కి తివాచీలు చేస్తారు. ఆ తివాచీల మీద ఊళ్లోవాళ్లంతా కూర్చోగలరు, జిబెక్ తప్ప.

ఒకరోజు పిల్లల బడి నుంచి వస్తూనే అడిగింది.

"అమ్మా, గజ్జి అంటే ఏంటి?"

"ఎవరన్నారు?"

"చేతులు పట్టుకుని ఆడే ఆటలో ఒకడు నా చెయ్యి పట్టుకోలా. వాళ్లమ్మ ముట్టుకోవద్దందంట."

"నీది గజ్జి కాదే. ఎగ్జిమా. ఎవరికీ అంటుకోదు."

"మరి ఆ సంగతి వాళ్లమ్మకెవరు చెప్తారు?"

బురుల్ కూతురి చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. ఆమె మణికట్లు కూడా ప్రతి చలికాలం పగిలి మండుతుంటాయి. తననుంచే కూతురికి వచ్చిందని ఆమెకు తెలుసు. అందుకే మళ్లీ కడుపు పండిందని తెలిసినప్పుడు సంతోషం కన్నా ముందు భయం పట్టుకుంది.

ఏడో నెలలో అత్తను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. డాక్టర్ దమీరా జిబెక్‌ను పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచీ చూస్తున్న మనిషి. బురుల్ ఏమీ అడగకముందే ఆమెకు అర్థమైంది.

"ఒక దారి ఉంది. ఈ డబ్బాలో ఉన్నవాటిని ప్రోబయోటిక్ అంటారు. ఈ గొట్టం మాత్రల్లో మంచి సూక్ష్మజీవులుంటాయి. ఆఖరి నెలల్లో, తర్వాత పాలిచ్చే రోజుల్లో తల్లి వీటిని వేసుకుంటే, మీలాంటి ఇళ్లలో పుట్టిన పిల్లల్లో కొంతమందికి ఎగ్జిమా రాలేదని కొన్ని పరిశోధనల్లో తేలింది. కొన్నింట్లో తేలలేదు. వాడి చూద్దాం. మాటైతే ఇవ్వలేను."

సోనున్ ఊరుకుంటుందా?

"అంటే పెరుగులో పురుగులేగా డాక్టరమ్మా? వాటిని గొట్టంలో కూరి మాకే అమ్ముతున్నారా? మా ఇంట్లో గుర్రపు పాలు పులియబెట్టిన కిమిజ్ తిత్తి నిండా ఉంది. ఆ పురుగులు దాంట్లో గుర్రప్పందేలే ఆడుతున్నాయి!"

డాక్టర్ పకపకా నవ్వింది. "మీ తిత్తిలో ఏ పురుగులు ఆడుతున్నాయో మీకూ తెలీదు, నాకూ తెలీదు సోనునక్కా. ఇవి పరీక్షించి చూసినవి. కడుపుతో ఉన్నమ్మాయికి పచ్చిపాల సరుకు మాత్రం పెట్టకండి."

దారి పొడుగునా సోనున్ సణుగుతూనే ఉంది. ఇంటికి చేరాక మాత్రం గొట్టాల డబ్బాను తానే పట్టుకెళ్లి, చల్లగా ఉంటుందని నేలమాళిగలో వెన్న పక్కన పెట్టింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అత్తాకోడళ్లు పాకలో ఉన్ని పరుస్తున్నారు. ఉన్ని దుమ్ము పడదు కాబట్టి జిబెక్ ఎప్పట్లాగే గుమ్మం బయట ఎండలో ఆడుకుంటోంది. పిల్ల దూరంగా ఉందనుకుని బురుల్ మనసులో మాట బయటపెట్టింది.

"మళ్లీ ఇలాంటి బిడ్డే పుడితే నేను తట్టుకోలేను అత్తయ్యా. ఇలా పుట్టకుండా ఉంటే చాలు. ఇంకేం అడగను."

"పుట్టదులే. నీ పందెం పురుగులున్నాయిగా" అంది సోనున్.

మర్నాడు పొద్దున బురుల్ డబ్బా మూత తీస్తే ఖాళీ.

ఎలకలు పడ్డాయేమోనని సోనున్ వెన్న గిన్నెలు కదిపి చూసింది. బురుల్‌కు ఎందుకో అనుమానం వచ్చి జిబెక్ పక్క దగ్గరికి వెళ్లింది. ఆ పిల్ల దుప్పటి ముసుగేసుకుని పడుకుని ఉంది. చేతుల నిండా తెల్లటి పొడి. పరుపు మీద విప్పేసిన గొట్టాల డొల్లలు.

"ఏం చేశావే?"

"కొన్ని మింగాను. మింగుడు పడనివి విప్పి రాసుకున్నా."

బురుల్ కేక విని భర్త ఎర్మెక్ పరిగెత్తుకొచ్చాడు. చొక్కా బొత్తాలు పెట్టుకోకుండానే కారు తీశాడు. ఆసుపత్రిలో డాక్టర్ దమీరా పిల్ల పొట్ట నొక్కి చూసింది, నాలుక చూసింది, చివరికి కుర్చీలో వెనక్కి వాలింది.

"భయపడకండి. మహా అయితే పొట్ట గుడగుడలాడుతుంది. అవునే జిబెక్, అన్నెందుకు మింగావు? తియ్యగా ఉన్నాయా?"

"లేదు."

"మరి?"

పిల్ల గోడకేసి చూస్తూ చెప్పింది. "నేను కూడా ఇలా పుట్టకుండా ఉండాలని."

ఎర్మెక్ బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టి, ఒకదాని కన్నంలో ఇంకొకటి పెట్టుకున్నాడు. పాక గుమ్మం దగ్గర పిల్ల ఏం విన్నదో బురుల్‌కు అప్పుడు తెలిసింది.

డాక్టర్ గొంతు తగ్గించి నిజమే చెప్పింది. "ఈ మందు వచ్చినదాన్ని పోగొట్టదమ్మా. రాకుండా ఆపుతుందేమోనని చూడటానికే."

"అయితే నాకు పనికిరాదా?"

"రాదు."

జిబెక్ తలూపింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదనిపించింది బురుల్‌కు.

ఇంటికి వచ్చాక బురుల్ కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకోబోయింది. పొట్ట అడ్డం వచ్చింది. పక్కనే కూర్చోబెట్టుకుని తన చొక్కా చేతులు పైకి మడిచి మణికట్లు చూపించింది.

"చూడు. నాకూ చిన్నప్పుడు నీ అంత ఉండేది. రాత్రుళ్లు గోక్కుంటుంటే మా అమ్మ నా చేతులు పట్టుకుని కూర్చునేది. నిన్న నేను వద్దన్నది ఆ దురదని. నిన్ను కాదు."

"ఇలాంటి బిడ్డ అన్నావు."

"అన్నాను. తప్పుగా అన్నాను."

జిబెక్ ఆలోచించింది. "మరి కడుపులో వాడు నున్నగా పుడితే, అందరూ వాణ్నే ఎత్తుకుంటే?"

అంతదాకా పొయ్యి దగ్గర గిన్నెలు చప్పుడు చేస్తున్న సోనున్ గిర్రున తిరిగింది. "ఎత్తుకోనీ! నాకు నడుంనొప్పి, ఇద్దర్ని మోయలేను. నేను నిన్నే ఎత్తుకుంటా. వాణ్ని ఊరంతా మోసుకోనీ."

పిల్ల నవ్వింది. ఆ తర్వాత ఏడుపు కూడా వచ్చింది. బురుల్ ఆమెను గట్టిగా పట్టుకుని ఆ ఏడుపు అయ్యేదాకా కదలకుండా కూర్చుంది.

ఎర్మెక్ కొత్త డబ్బా తెచ్చాడు. ఇక ఆ రోజు నుంచి బురుల్ ఒక్క పూట మరిచిపోయినా జిబెక్ ఒప్పుకునేది కాదు. నీళ్ల గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడేది.

"మింగావా? నోరు తెరువు. నాలుక ఎత్తు."

"మింగానే తల్లీ!"

"నాన్నమ్మా, నువ్వు చూశావా?"

"చూశా, చూశా. పోలీసుల్లో చేరవే నువ్వు" అనేది సోనున్.

ఆకురాలు కాలంలో మగపిల్లవాడు పుట్టాడు. ఎల్చిబెక్ అని పేరు పెట్టారు. తెల్లగా, గుండ్రంగా, అచ్చం వెన్నముద్దలా ఉన్నాడు. బురుల్ రోజూ వెలుతురులోకి తీసుకెళ్లి ప్రతి మడతా వెతికేది. ఏమీ కనబడక ఆమెకు మెల్లగా ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం వచ్చాకే, నడిచలికాలంలో, కుడి బుగ్గ మీద ఎర్రటి మచ్చ కనిపించింది. వారం తిరిగేసరికి చెవి వెనక ఇంకొకటి.

బురుల్ పిల్లవాణ్ని అత్త చేతిలో పెట్టి కింద కూలబడిపోయింది. సోనున్ కిమిజ్ మాట ఎత్తలేదు. పురుగుల మాటా ఎత్తలేదు. కోడలి తల నిమిరి, టీ కలిపి తెచ్చి పక్కన పెట్టింది.

డాక్టర్ దమీరా మచ్చల్ని తడిమి చూసింది. "తేలికపాటిది. ఈ వయసుకి జిబెక్ ఎలా ఉండేదో గుర్తుందా? నిద్రే పోయేది కాదు."

"అంటే మందు పనిచేసినట్టా, చేయనట్టా?"

"వందల మంది పిల్లల్ని లెక్కేసి చూస్తే ఏదో చెప్పగలం బురుల్. నీ ఒక్క కొడుకుని చూసి నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. మందు లేకపోతే ఇంకా ఎక్కువగా వచ్చేదేమో. ఇంతే వచ్చేదేమో."

బురుల్‌కు ఆ మాట మింగుడు పడటానికి చాలా రోజులే పట్టింది. ఈలోగా ఇంట్లో పనులు ఆగవు కదా. ఒక సాయంత్రం ఆమె పిల్లవాడి బుగ్గకు లేపనం రాస్తుంటే జిబెక్ పక్కన చేరింది.

"అలా రుద్దకమ్మా, మండుతుంది. ఊరికే అద్దు. ముందు నీ వేలు వెచ్చబెట్టుకో."

"ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేం?"

"నాకు రాసేటప్పుడు నువ్వు ఏడుస్తూ ఉంటావు కదా. అందుకని."

బురుల్ వేలు నోటి దగ్గర పెట్టుకుని ఊది, వెచ్చబడ్డాక మెల్లగా అద్దింది. పిల్లవాడు మొహం తిప్పుకోలేదు.

"బాగుందంటున్నాడు. ఇప్పుడు నా మోచేతులకి" అని జిబెక్ చొక్కా చేతులు పైకి మడుచుకుంది.