గుగ్గిలం పూసిన బోల్టు

అబ్బాయిరాజు చేసిన పని వింటే నవ్వొస్తుంది. నవ్వండి, నాకేం? కానీ కొల్లేట్లో పడవలు కట్టి తల నెరిసినవాడికి అదేం తప్పుపని కాదు. చెక్కల సందున నీరూరితే దూది కూరి, గుగ్గిలం పూసి, సుత్తితో దిగ్గొడతారు. నీళ్లలో చెక్క ఉబ్బి బిగుసుకుంటుంది, ఇంక చుక్క రాదు. ఇంజను అడుగున ఆయిలు దింపే బోల్టు దగ్గర చెమ్మ కనబడేసరికి ఆయన అదే వైద్యం చేశాడు. బోల్టుకి గుగ్గిలం రాసిన దారం చుట్టి, పానాకి గొట్టం తొడిగి, ఊపిరి బిగబట్టి తిప్పాడు. అల్యూమినియం చెక్కలా ఉబ్బుతుందా, పిచ్చిగానీ! లోపల మరలు తెగిపోయి బోల్టు గిరగిరా ఊరికే తిరిగింది.

"ఓరి దేవుడోయ్!" అంటూ కూలబడ్డాడు.

కోడలు పుష్పలత పడవకి ఇంజను పెట్టించిన దగ్గర్నుంచీ ఆయన చేతిలో పడవ తోసే గెడ పోయింది. నడిపేది ఆవిడే, కొడుక్కి ఏలూరు ఐసు ఫ్యాక్టరీలో పని. ముసలాయనకి మిగిలింది ఆయిలు మార్చడం ఒక్కటే. అదీ ఊడితే అరుగు మీద కూర్చుని ఈగలు తోలుకోవాల్సిందే. ఆ భయంతోనే నిజం దాచాడు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర దగ్గరకొచ్చేసింది, జనాన్ని పడవలో అక్కడ దింపాలి. "బోల్టు వదులైందమ్మాయ్, మెకానిక్‌కి కబురంపాను," అని మాత్రం గొణిగాడు.

ఏలూరు నుంచి అహరోను సంచీతో దిగాడు. బోల్టు ఊడదీసి, మరల్లోంచి నల్లటి దారం లాగాడు.

"ఏవండీ, ఇదేంటండీ?"

"నీకెందుకయ్యా? బాగుచెయ్యి ముందు."

పుష్పలత గట్టు మీద నిలబడి చూస్తోంది. ఆ చూపుకి ఇంకా భయమేసింది ఆయనకి.

అహరోను రంధ్రాన్ని కాస్త పెద్దది చేశాడు. మరలు కోసే ట్యాపుకి గ్రీజు పట్టించి, కొంచెం ముందుకి, కాస్త వెనక్కి తిప్పుతూ కొత్త మరలు కోశాడు. తరుగంతా గ్రీజుకే అంటుకొచ్చింది. అబ్బాయిరాజు అలిగినవాడల్లా ముందుకి వంగాడు.

"మా బెజ్జాలేసే బరమా కూడా అంతేనయ్యా, వెనక్కి తిప్పకపోతే చెక్క చీలిపోద్ది."

"అంతేనండి," అన్నాడు అహరోను. ఆ మరల్లో స్టీలు బుష్ బిగించి, లోపల డీజిలు పోసి కడిగి, కొత్త బోల్టుకి రాగి వాషరు తొడిగాడు. అప్పుడు తలెత్తి, "అమ్మా, ఇలా రండి. ఎంత బిగించాలో చూపిస్తాను, మళ్లీ ఇలా జరక్కుండా," అని పిలిచాడు.

అయిపోయింది, అనుకున్నాడు అబ్బాయిరాజు. పానా కూడా పోయినట్టే. తల వంచుకుని గట్టెక్కబోయాడు.

"నాకెందుకండీ?" అంది పుష్పలత. "ఆయిలు మార్చేది మావయ్యగారు. ఆయనకి చూపించండి."

"మరి ఆ దారం..." అని నసిగాడు అహరోను.

"గుగ్గిలం వాసన నాకు తెలీదేంటండీ? ఈ పడవకి కూడా ఆ చేత్తోనే పూశారు. ఇన్నేళ్లలో చుక్క నీరు రాలేదు. ఇంజను సంగతి ఆయనకెవరు చెప్పారు? ఇప్పుడు మీరు చెప్పండి."

అబ్బాయిరాజుకి కళ్లు చెమ్మగిల్లాయి. తువ్వాలుతో మొహం తుడుచుకుని, వెనక్కొచ్చి, పానా అందుకుని ఇంజను ముందు చతికిలబడ్డాడు.

"చెప్పవయ్యా," అన్నాడు. "మెల్లిగా చెప్పు. నాకు కొత్త పని."