ఇంట్లో మాట

నలభై మందికి సరిపడా కొబ్బరి కేకులు చేసి, వాటి మీద పంచదార పూత పూస్తూ, లియోలా మధ్యమధ్యలో కూతురి చేత పాఠం అప్పజెప్పించుకుంటోంది. ఎనిమిదేళ్ళ కొరీన్ వంటింట్లో స్టూలెక్కి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. దక్షిణాదికీ ఉత్తరాదికీ యుద్ధం దేనికి జరిగింది? రాష్ట్రాల హక్కుల కోసం. బానిసల కోసం కాదా? కాదు, బానిసలు యజమానుల్ని కన్నవాళ్ళలా ప్రేమించేవారు. శనివారం, ఆ యుద్ధంలో పోయిన దక్షిణాది సైనికుల సంస్మరణ దినాన, చర్చి హాల్లో, ఊరందరి ముందూ ఈ జవాబులు చెప్పాలి. పుస్తకం చూసి ప్రశ్నలు అడిగేది వాళ్ళ నానమ్మ ఆగస్టా. అమెరికా దక్షిణాన జార్జియా రాష్ట్రంలోని ఆ చిన్న ఊళ్ళో ఆడవాళ్ళ స్మారక సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు. కేకులు చేసేది కూడా ఆవిడే, సంఘం లెక్కలో. "మా ఇంట్లోనే చేశాం" అంటుంది ప్రతి ఏడూ, పొగడ్తలన్నీ అందుకున్నాక. కొబ్బరి తురిమేదీ, గుడ్లు గిలక్కొట్టేదీ, ఆ తర్వాత పళ్ళాలు తోమేదీ ఒక్క లియోలాయే. వంటమనిషి మానేశాక ఇంకొకర్ని పెట్టుకుందామని అడిగితే, "ఇంట్లో ఇద్దరాడవాళ్ళుండగా మళ్ళీ జీతం దండగ దేనికి?" అన్నాడు మొగుడు హార్లన్. ఆ ఇద్దర్లో ఒకరు పుట్టి బుద్ధెరిగి నీళ్ళ బకెట్టు ఎత్తలేదన్న సంగతి అతనికి తట్టలేదు. కొడుకులకు అలాంటివి తట్టవు.

ఆ జవాబులు లియోలా కూడా చిన్నప్పట్నుంచీ వింటున్నవే. నిజమో కాదో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించుకోవడానికి తీరికనేది ఉండాలి గదా.

గురువారం మధ్యాహ్నం వెనక వరండాలో అత్తగారికి తలంటింది. ఆవిడ చేతులు కీళ్ళనొప్పులతో పట్టేశాయి, అందుకని ఈ పని కూడా కోడలి మీదే పడింది. పట్టి ఉంచిన వాననీళ్ళు వెచ్చబెట్టి పోస్తుంటే ఆగస్టా కళ్ళు మూసుకుంది. తల మీద వెచ్చటి నీళ్ళు పడ్డప్పుడు మాత్రం ఆవిడ అధ్యక్షురాలన్న సంగతి మర్చిపోతుంది. నీ చెయ్యి మోటు, నా చిన్నప్పుడు డోర్కస్ దువ్వితే దువ్వినట్టే ఉండేది కాదు అని మొదలుపెట్టింది. డోర్కస్ పనల్లా ఆవిడ జుట్టు చూసుకోవడమే. దానికోసమే ఆ మనిషిని కొన్నారు. అసలు నాన్న ఇద్దరన్నయ్యల్నీ యుద్ధానికి పంపింది మాత్రం దేనికి? రోజూ భోజనాల బల్ల దగ్గర అదే మాటట, ఉత్తరాదివాళ్ళ మనిషి అధ్యక్షుడయ్యాడు, ఇక మన మనుషులు మన చేతిలో ఉండరు, పత్తి ఎవడు తీస్తాడు, అని. అన్నయ్యలిద్దరూ తిరిగి రాలేదు. తీరా ఉత్తరాది సైన్యం ఊళ్ళోకొచ్చిన రోజున డోర్కస్ జడ సగం అల్లి, సగం అలాగే వదిలేసి, వరండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"మేకన్ ఊరి వైపే పోయుంటుంది. దాని కూతుర్ని అటేగా అమ్మాం" అంది ఆగస్టా. "చిన్న పిల్ల, మన కొరీనంత ఉండేదేమో. ఎంత చూసినా విశ్వాసం ఉండదమ్మా ఆ జాతికి."

లియోలా చేతిలో చెంబు ఆగిపోయింది. పుస్తకంలో అలా లేదు కదా అత్తయ్యగారూ అంది.

"ఇంట్లో మాట వేరు, పిల్లలకు చెప్పేది వేరు" అంది ఆవిడ, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "నీళ్ళు చల్లారిపోతున్నాయి, పొయ్యి."

పోసింది. తడి జుట్టు తుడిచి, దువ్వి, జడ వేసి, చివర ముడి కూడా వేసింది. అల్లుతున్నంతసేపూ ఒక్కటే ఆలోచన, నేనూ డోర్కస్ లాంటిదాన్నే కదా అని. అనుకున్న మరుక్షణం సిగ్గుతో ఆమె ముఖం వేడెక్కింది. ఎంత అలసిపోయినా, ఎన్ని మాటలు పడినా, తన కూతురు పక్కగదిలో గుర్రు పెట్టి నిద్రపోతోంది. ఆ పిల్లను ఎవరూ తీసుకుపోలేరు. డోర్కస్ ఇదే జుట్టు రోజూ దువ్వింది, తన బిడ్డను అమ్మేసినవాళ్ళ జుట్టు, ఒక్క వెంట్రుకైనా లాగకుండా. అలాంటి మనిషి వీళ్ళను ప్రేమించిందని శనివారం నాడు కొరీన్ నోటితో చెప్పించాలి. చెప్పించాల్సింది తనే. ఒకసారి చెబితే ఆ పిల్ల జీవితమంతా అదే చెబుతుంది, తర్వాత తన పిల్లలకూ నేర్పుతుంది.

శుక్రవారం హార్లన్‌తో చెప్పి చూసింది, ఈసారి కొరీన్‌ను మాన్పించేద్దామని. అతను కోప్పడలేదు.

"యాభై ఏళ్ళ కిందటి గొడవ, లియోలా. పిల్ల నాలుగు ముక్కలు అప్పజెప్పి దిగుతుంది, దానికింత రాద్ధాంతమా? ఈ ఇల్లు మా అమ్మది. పత్తి గోదాంలో నాకు ఉద్యోగం ఇప్పించిందీ మా అమ్మే. అది మర్చిపోకు."

ఆమె ఏదీ మర్చిపోలేదు. మర్చిపోకపోవడమే ఆమెకు వచ్చిన చిక్కు.

శనివారం హాలు నిండిపోయింది. ముందు వరుసలో ముసలి సైనికులు, వెనక ఊరివాళ్ళు, గోడ వారగా బల్ల మీద కేకులు. లియోలా ఆ బల్ల దగ్గర కత్తి పట్టుకుని నిలబడింది. ఏ ఏడైనా ఆమె చోటు అదే. వేదిక మీద తెల్లగౌనులో కొరీన్ గడగడా చెబుతోంది. యుద్ధం దేనికి జరిగిందని ఆగస్టా అడిగింది.

"రాష్ట్రాల హక్కుల కోసం" అంది కొరీన్. అని ఊరుకోలేదు. "ఏ హక్కులు, నానమ్మా?"

హాలంతా ముద్దుగా నవ్వింది. పుస్తకంలో ఆ ప్రశ్న లేదు. ఆగస్టా కూడా నవ్వి, పిల్ల గడ్డం పట్టుకుని, "అది ఇంటికెళ్ళాక మీ అమ్మ చెబుతుందిలే" అంది.

హార్లన్ వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపులో ఇల్లుంది, గోదాం ఉంది. లియోలా కత్తి బల్ల మీద పెట్టి, కుర్చీల మధ్యగా నాలుగడుగులు ముందుకు నడిచింది.

"ఇంటిదాకా ఎందుకు అత్తయ్యగారూ, ఇక్కడే చెబుతాను" అంది. ఆమె గొంతు పెద్దదేమీ కాదు, కానీ నవ్వులు ఆగిపోవడంతో చివరి వరుస దాకా వినిపించింది. "డోర్కస్‌కు నీ అంత కూతురుండేది, కొరీన్. ఆ పిల్లను అమ్ముకునే హక్కు."