పెదబీలపేట గుండిగ

నేను ఒక ఇత్తడి గుండిగను. ఇత్తడి పనికి పేరుపడ్డ బుడితిలో పుట్టాను. సుత్తులతో అన్ని వైపులా వాయించి నన్ను ఈ ఆకారానికి తెచ్చారు కాబట్టి ఆ తరవాత దేనికీ పెద్దగా బెదరలేదు. అర బస్తా బియ్యం ఒకే ఎసట్లో ఉడికించగలను. పెదబీలపేట జనం అంతా కలిసి నన్ను కొనుక్కున్నారు. భోజనాల వేళ నేను అందరి గుండిగనే. తోమే వేళకు మాత్రం ఎవరి గుండిగనో తేలేది కాదు. చివరికి ఆ పని దాలమ్మ మీద పడేది.

దాలమ్మ ఊరి వంటమనిషి. పెళ్లయినా పెద్ద దినమైనా ఆమె గరిటె తిరగాల్సిందే. గట్టి చెయ్యి, అంతకన్నా గట్టి నోరు.

ఊరి పక్కన బీల ఉంది. వానాకాలం నిండి, వేసవి దాకా చేపలకూ గేదెలకూ వరి మళ్లకూ సరిపడా నీళ్లు దాచుకునే చిత్తడి నేల. దాన్ని మట్టితో పూడ్చి బొగ్గుతో కరెంటు తీసే కర్మాగారం కడతామని ఒక కంపెనీ వచ్చింది. కాగితాల్లో బీలను బంజరు అని రాసుకున్నారు. ఆ మాట విన్నప్పుడు ఊరి మగవాళ్లు సగం మంది ఆ బంజరులోనే నడుములోతు నీళ్లలో నిలబడి వల లాగుతున్నారు.

తవిటినాయుడు గారు వాతావరణ కేంద్రంలో ముప్పై ఏళ్లు ఉష్ణోగ్రతలు రాసి, రిటైరై ఊరికి వచ్చారు. ఆయన వాన పడుతుందంటే ఆడవాళ్లు వడియాలు పెట్టుకునేవారు. కానీ ఆయన పాత నోటుపుస్తకాలు పరిచి, ఏటేటా ఎండ ఎలా పెరిగిందో, తుపాన్లు ఎలా ముదురుతున్నాయో, బొగ్గు పొగకూ వాటికీ సంబంధమేమిటో చెప్పిన రోజున ఎవరూ నవ్వలేదు. ఆ ఏడు జీడిపూత ఎండకు మాడిపోవడం అందరూ చూశారు.

అర్జీలు పెట్టారు. జవాబు రాలేదు, మట్టి లారీలు వచ్చాయి. అప్పుడు ఆడవాళ్లు వంటావార్పు చేద్దామన్నారు. లారీలు నడిచే రోడ్డు మీదే వండుకుని, అక్కడే తిని, అక్కడే కూర్చోవడం. తవిటినాయుడు గారు షరతులు పెట్టారు. రాయి విసరకూడదు. ఎవరినీ ముట్టుకోకూడదు. పోలీసులు రమ్మంటే వెళ్లాలి. చేసింది దాచకూడదు. తిట్టకూడదు. చివరి షరతు దగ్గర దాలమ్మ చాలాసేపు ఆలోచించింది.

మర్నాడు ఉదయం నన్ను నడిరోడ్డున మూడు రాళ్ల మీద ఎక్కించారు. నలభై మంది చుట్టూ కూర్చున్నారు. లారీలు ఆగిపోయాయి. ఎస్సై జీవన్‌కుమార్ పదిమంది పోలీసులతో వచ్చి గుండిగ తీసేయమన్నాడు.

"అన్నం ఉడుకుతంది బావూ" అంది దాలమ్మ. "సగంలో దించితే పలుకైపోద్ది. నువ్వూ అన్నం తినీవోడివే గదా."

ఎస్సై వాచీ చూసుకుని, ఉడికేదాకా ఆగాడు. ఉడికాక దించమన్నాడు. వండింది వడ్డించకుండా ఎలా లేస్తామని ఆమె విస్తళ్లు పరిచింది. పొద్దున్నే టిఫిను లేకుండా బయలుదేరిన పోలీసులు ఒక్కొక్కరే జరిగి జరిగి పంక్తిలో కూర్చున్నారు. లారీ డ్రైవర్లు అప్పటికే రెండో వడ్డనలో ఉన్నారు. ఎస్సై ఒక్కడే తినలేదు. ఆయన కడుపు చేసిన చప్పుడు నాలో స్పష్టంగా మోగింది, అప్పటికి నేను ఖాళీ అయ్యాను మరి.

తిన్నాక అరెస్టులు జరిగాయి. ఆడవాళ్లు చేతులు కడుక్కుని వ్యానెక్కారు. నేను వ్యాను తలుపులో పట్టలేదు. చివరికి కంపెనీ మట్టి లారీలోనే నన్ను స్టేషనుకు తరలించారు. ఆ రోజు ఆ రోడ్డు మీద కదిలిన లారీ అదొక్కటే. దించేటప్పుడు జారవిడిచి నాకు ఒక సొట్ట పెట్టారు. రికార్డులో నన్ను "నేరానికి వాడిన సాధనం, మెతుకులతో సహా" అని రాశారు.

సాయంత్రానికి ఆడవాళ్లను పూచీకత్తు మీద వదిలేశారు. గుండిగ తన దగ్గరుంది కదా, ఇక పీడ వదిలిందనుకున్నాడు ఎస్సై. మర్నాడు ఆ రోడ్డు మీద నలభై పొయ్యిలు వెలిగాయట. ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకున్నారు. ఒకటి ఉడికేసరికి ఇంకొకటి ఎసరుకొచ్చేది. అన్నీ ఒకేసారి ఖాళీ అయ్యే ఘడియ రానే లేదు. స్టేషనుకు తిరిగొచ్చిన ఎస్సై నన్ను చాలాసేపు చూశాడు. నన్ను అక్కడే వదిలేసి ఉండాల్సిందని ఆయన ముఖమే చెప్పింది.

మూడు నెలలు అలాగే సాగింది. నేను వరండాలో పోలీసుల మంచినీళ్ల తొట్టినయ్యాను. దాలమ్మ షరతు తప్పలేదని కానిస్టేబుళ్లు చెప్పుకునేవారు. ఆమె తిట్టింది లారీ టైర్లను మాత్రమే, టైర్ల సంగతి షరతుల్లో లేదు.

తరవాత కేసు విచారణకొచ్చింది. నన్నూ తీసుకెళ్లి కోర్టులో ఒక మూల పెట్టారు. రోడ్డు పక్కన వండుకుంటుంటే లారీలే వచ్చి ఆగాయని చెప్పమని ప్లీడరు దాలమ్మకు నేర్పాడు. అలా చెబితే కేసు కొట్టేస్తారట. మేజిస్ట్రేటమ్మ గారు గుండిగ ఎక్కడ పెట్టావని అడిగారు. దాలమ్మ ప్లీడరు వైపు చూసింది, తవిటినాయుడు గారి వైపు చూసింది. బోను కర్రను గరిటె పట్టినట్టు పట్టుకుంది.

"పక్కని కాదమ్మా, రోడ్డు మద్దినే పెట్టాను. లారీలు ఆగాలనే పెట్టాను. బీల పోతే మా పిల్లలు ఏటి తిని బతుకుతారు? తప్పైతే సిచ్చ ఎయ్యండి."

ప్లీడరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మేజిస్ట్రేట్ గారు ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకున్నారు. తరవాత నేరం రుజువైందనీ, కోర్టు లేచేదాకా అక్కడ కూర్చోవడమే శిక్ష అనీ తీర్పు చెప్పారు. ముప్పై ఏళ్లలో దాలమ్మ పగటిపూట అంతసేపు ఖాళీగా కూర్చోవడం అదే మొదటిసారి. భోజన విరామానికల్లా గురక వినిపించింది. ఎవరూ లేపలేదు.

కొన్నాళ్లకు ఢిల్లీ నుంచి పరిశీలన సంఘం వచ్చింది. బంజరు భూమి చూడాలంటే పడవ ఎక్కాలని తెలిసి వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కర్మాగారానికి అనుమతి రద్దయింది. సగం పూడ్చిన చోట మళ్లీ తుంగ మొలిచింది. నేను ఊరికి చేరాను. విందు జరిగింది, ఉప్పు తక్కువైందని గొడవ కూడా జరిగింది.

తవిటినాయుడు గారు మాత్రం ఇంకా ఎండ రాసుకుంటూనే ఉన్నారు. ఇక్కడ ఆగింది గాని వేడి తగ్గలేదన్నారు. దక్షిణాన మరో జిల్లాలో ఇలాంటిదే కడుతున్నారనీ, అక్కడి ఆడవాళ్లు రోడ్డెక్కబోతున్నారనీ పేపరు చదివి వినిపించారు. దాలమ్మ నన్ను తోమడం ఆపకుండానే, వాళ్లకు గుండిగ ఉందో లేదో కనుక్కోమంది.

లేదట. అందుకే ఇవాళ నన్ను తాళ్లతో బిగించి బస్సు టాపు మీద కట్టారు. కండక్టరు తలెత్తి చూసి, ఎవరి పెళ్లని అడిగాడు.

"పెళ్లి కాదు బావూ" అంది దాలమ్మ, మెట్టెక్కుతూ. "దారికి అడ్డం ఎట్టడానికి."