ఉప్పలమ్మ కునుకు

రజాకార్ల గొడవ సద్దుమణిగిన మరుసటేడు, చలికాలంలో, పెన్‌పహాడ్ ఉప్పలమ్మ తన బిడ్డ పుష్పమ్మను బండెక్కించుకొని జాన్‌పహాడ్ దర్గాకు బయలుదేరింది. పుష్పమ్మ ఈడొచ్చిన పిల్ల. కొంతకాలంగా ఎవరో పిలుస్తున్నట్టు దాని చెవుల్లో వినిపిస్తోంది. వినిపించిందా, తింటున్న ముద్ద వదిలేసి చేలకడ్డంపడి పోతుంది. మంత్రాలయ్యాయి, తాయెత్తులయ్యాయి. ఊళ్లో జనం ‘ఎవరి ఉసురో తగిలింది’ అన్నారే గాని, ‘జరసేపు పిల్లను మేం చూస్తాం, నువ్వు నడుం వాల్చు’ అన్న మనిషి లేదు. మొగుడు పోయిన ఉప్పలమ్మ తన కొంగును బిడ్డ కొంగుకు ముడేసుకొని కోడికునుకు తీసేది. అదే ఆమె నిద్ర.

దర్గా గోడ నీడన చోటు దొరికింది. పక్కనే గేమ్యా అనే లంబాడీ ఆయన, కొడుకు జైరాంతో కూర్చున్నాడు. జైరాం మీసాలొచ్చిన పిల్లగాడు. తనలో తాను నవ్వుకుంటూ మన్నును ఒక గుప్పిట్లోంచి ఇంకో గుప్పిట్లోకి పోసుకుంటున్నాడు. గేమ్యా ఉప్పలమ్మ ఎర్రటి కండ్లను చూశాడు.

“అక్కా, పండుకో. పిల్లను నేను సూస్త.”

“వద్దన్నా. దీన్ని ఆపుడు ఎవరి తరం కాదు.”

“ఆపుతనన్ననా? సూస్తనన్న.”

బిడ్డతో వేసుకున్న కొంగుముడి బిగించుకుంటుండగానే ఆమె కండ్లు మూతపడ్డాయి. ఊదు పొగ, ఎండ, ఫకీర్ల పాట అన్నీ కలిసి మెత్తగా మునిగిపోయాయి. కలలో వరిచేను నీళ్లలా ఊగింది. ఎన్నడో పోయిన తల్లి గట్టు మీద కూర్చొని ఆమె తల దువ్వుతోంది. “ఎంత చిక్కువడ్డదే!” అంటోంది. ఒక్కో చిక్కూ విడుతుంటే ఉప్పలమ్మ తేలికై, దూదిపింజై, చేని మీదుగా పోతోంది.

లేచేసరికి నీడ జరిగిపోయింది. కొంగుముడి విప్పి ఉంది. పక్కన ఎవరూ లేరు.

దిగ్గున లేచింది. చేల దిక్కు ఉరికింది. గట్టు మీద పుష్పమ్మ ఎదురొస్తోంది. వెనకాల జైరాం, ఆ వెనక గేమ్యా.

“ఎవరో పిలుస్తున్నరంది. సరే, పోదాం పా అన్న,” అన్నాడు గేమ్యా. “మోదుగు చెట్ల దాంక పోయినం. ఎవ్వరు లేరు. ఇగ మల్లొచ్చినం.”

పుష్పమ్మ తల్లి మొహంలోకి చూసి, “నిద్ర పట్టిందా అవ్వా?” అంది.

ఉప్పలమ్మ గట్టు మీదే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. గేమ్యా ఊరడించలేదు. కాసింత దూరంలో తనూ కూర్చున్నాడు.

“నా పెండ్లాం ఉన్నన్నాళ్లు వంతులేసుకొని పిల్లగాన్ని కాసేటోళ్లం. అది పోయినంక నాకూ నిద్ర లేదక్కా.”

ఉప్పలమ్మ కండ్లు తుడుచుకుంది. “నేరేడుచర్ల అంగడికొస్తవా?”

“వస్త.”

“అయితే గాడ పండుకునే వంతు నీది.”

దర్గాకు పోయొచ్చినా పుష్పమ్మకు పిలుపులు ఆగలేదు. జైరాం నవ్వూ తగ్గలేదు. కానీ అంగడినాడు గేమ్యా వచ్చాడు. తలపాగా విప్పి మొహం మీద కప్పుకొని, ధాన్యం బస్తాల పక్కన ఒరిగాడు. పిల్లలిద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టుకొని, ఉప్పలమ్మ ఎదురుగా అరుస్తున్న ఉల్లిగడ్డలవాళ్లకు ఆగమని చెయ్యెత్తింది.

“జర మెల్లగ బేరం చెయ్యుండ్రయ్యా. మా అన్న పండుకున్నడు.”