మూగవాడని రాయించాను

నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులకి నేను సూపర్‌వైజర్‌ని. యజమాని పిచ్చేశ్వరరావు గారు గుడివాడలో ఉంటారు, చెరువులన్నీ ఫోన్లోనే చూస్తారు. రొయ్యలకి వైరస్ సోకుతుందని ఇక్కడ అందరికీ భయం. పక్క చెరువు మనిషి మా గట్టు తొక్కకూడదు, మా మనిషి వాళ్ల గట్టు తొక్కకూడదు. కాబట్టి కాపలా పాకలో ఎవడుంటే వాడు ఒంటరిగానే ఉండాలి.

ఈసారి ఉన్నవాడు జమాల్. దేశ సరిహద్దు దాటి వచ్చాడు, చేతిలో కాగితం ముక్క లేదు. కేరళలో పని ఇప్పిస్తానన్న ఏజెంటు, పదిరోజులు ఇక్కడుండమని దింపేసి పోయాడు. మూడు నెలలైంది. వచ్చీరాని హిందీలో నాతో తప్ప వాడికి ఎవరితోనూ మాటల్లేవు. నేనైనా మేత వేశావా, నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు తిరుగుతున్నాయా అనడమే గానీ, ఎలా ఉన్నావని అడిగిన పాపాన పోలేదు.

వారం నుంచి అన్నం సరిగ్గా ముట్టడం లేదు. ఓ మధ్యాహ్నం చెరువులో గొంతు లోతున నిలబడి కనిపించాడు. కేకలేసి గట్టెక్కించాను.

"నేనిక్కడ మునిగిపోతే ఎవరికి కబురు పెడతారు సాబ్?" అన్నాడు.

వెంటనే పిచ్చేశ్వరరావు గారికి ఫోన్ చేశాను.

"పంపించెయ్ సాయిబాబూ. మనకెందుకొచ్చిన గొడవ?"

"ఇలా పంపితే దారిలోనే చస్తాడండీ."

"అయితే నీ ఇష్టం. నా పేరు మాత్రం బయటికి రాకూడదు."

మర్నాడు బందరు తీసుకెళ్లాను. బస్సులో గొప్ప ఉపాయం తట్టింది. నోరు విప్పితేగా వాడెక్కడివాడో తెలిసేది! మానసిక జబ్బుల డాక్టరు హిమబిందు గారి క్లినిక్‌లో, మా మేనల్లుడు ధనరాజు పేరు రాయించి, "పుట్టు మూగండీ" అని చెప్పాను. నోరు తెరవొద్దని జమాల్‌కి ముందే చెప్పాను, తలూపాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

డాక్టరమ్మ నా వంక చూడలేదు, చీటీ వంకా చూడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, వాడి చేతి మీద చెయ్యి వేసి, "ఏమైంది నాయనా?" అన్నారు.

వాడికి తెలుగు ముక్క రాదు. అయినా ఆ చెయ్యి తగిలేసరికి ఇక ఆగలేదు. ఏడుస్తూ, వాడి భాషలో ఒకటే మాటలు. నాకు తెలిసింది "అమ్మా" ఒక్కటే.

నేను గబుక్కున లేచి వాడి నోరు మూసేశాను. నా అరచెయ్యంతా కన్నీళ్లతో తడిసిపోయింది.

"చెయ్యి తియ్యండి. ఎక్కడివాడైతే నాకేంటి? మాట్లాడనివ్వండి," అన్నారావిడ.

అంతలో తలుపు సందులోంచి ఖాకీ చొక్కా కనబడింది. కాగితాల్లేనివాణ్ణి పనిలో పెట్టుకున్నందుకు ముందు నన్నే లోపలేస్తారు. జబ్బ పట్టుకుని వాణ్ణి బయటికి లాక్కొచ్చేశాను. తీరా చూస్తే ఆటో డ్రైవరు, భార్యని చూపించుకోవడానికి వచ్చాడు.

"రేపు తీసుకురండి. పేరూ వద్దు, ఫీజూ వద్దు," అని డాక్టరమ్మ గుమ్మంలోంచి కేకేశారు. సిగ్గుతో వెనక్కి తిరిగి చూడలేకపోయాను.

తెల్లారగానే టిఫిన్ పట్టుకుని పాకకి వెళ్లాను.

"పద జమాల్, డాక్టరమ్మ దగ్గరికి. ఈసారి నీ ఇష్టమొచ్చినంతసేపు మాట్లాడు. నేను బయటే కూర్చుంటా, ఒట్టు."

కదల్లేదు. పక్కన కూర్చున్నాను. ఎలా ఉన్నావని మొదటిసారి అడిగాను.

వాడు నాకేసి చూసి, తన చేత్తో తనే నోరు మూసుకున్నాడు. ఎంత లాగినా ఆ చెయ్యి తియ్యలేదు.