పిట్ట ముట్టిన ఆకు

దుబ్బాక శ్మశానం గోడ మీద కాకి కూర్చునే ఉంది, దిగి మాత్రం రావడం లేదు. ఉప్పలయ్య పోయిన మూడోనాడు, ఆయనకు ఇష్టమని వండి తెచ్చిన అన్నం, మాంసం కూర వెండిరంగు కాగితం ప్లేటులో చల్లారిపోతున్నాయి. పక్కన కల్లు, బీడీకట్ట. పిట్ట ముడితేనే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో పెట్టుకుని ఇంకా ఇక్కడిక్కడే తిరుగుతున్నట్టు.

అందుకే ఒక్కొక్కరే ముందుకొచ్చి ఆయనకు మాటలిస్తున్నారు. మగ్గం అమ్మేది లేదని తమ్ముడు లింగమూర్తి చెప్పాడు. మనవరాలు హర్షిణి చదువు ఆగనియ్యనని కోడలు చెప్పింది. కల్లు పులిసిందేమో, బావ నాలుక మనకెరికే కదా అని బామ్మర్ది అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

భార్య పెంటవ్వ కాకిని చూడటం లేదు, కొడుకు ఓంప్రకాశ్ ముఖం చూస్తోంది. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె మెతుకు ముట్టలేదు. పిట్ట ముట్టినంకనే తింటానంది.

"దవాఖానల నీతోని ఏమన్న అన్నడా, బిడ్డా?"

"ఏమనలే అవ్వా. నిద్రలనే పోయిండు."

ఓంప్రకాశ్ సిద్దిపేటలో జూనియర్ కాలేజీలో సైన్సు చెబుతాడు. నన్ను ఇంటికి తోల్కపోరా, మగ్గం కాడ పండుకుంట అని పోయే ముందటి సాయంత్రం దవాఖానలో తండ్రి అడిగాడు. రిపోర్టులు బాగున్నాయి, రెండు రోజులాగితే నడుచుకుంటూ పోవచ్చని కొడుకు నచ్చజెప్పాడు. నచ్చజెప్పడమేమిటి, కసిరాడు. రిపోర్టులు నిజంగానే బాగున్నాయి. తెల్లారేసరికి ఉప్పలయ్య లేడు.

మెరిసే ప్లేటును చూసి కాకి బెదురుతున్నదేమోనని ఓంప్రకాశ్‌కు తట్టింది. గోడవారన మోదుగాకులు తెంపి, అన్నం వాటి మీదికి మార్చాడు. వంగి మారుస్తుండగా ఒక మాట దానంతటదే లోపల కదిలింది. నిన్ను ఇంటికి తేవాల్సింది బాపూ, తప్పు నాదే.

కాకి దిగింది. ముద్ద కరుచుకుంది. ఆ పూట పెంటవ్వ తిన్నది.

ఓంప్రకాశ్‌కే ముద్ద దిగలేదు. ప్రయోగంలో ఒకేసారి రెండు మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు అని పిల్లలకు ఏటా చెప్పే మనిషి. ఆకు వల్ల దిగితే బాపు ఎక్కడా లేడు, ఆ మాట ఎవరికీ చేరలేదు. మాట వల్ల దిగితే బాపు విన్నాడు. విన్నవాడు ఇంకా ఏమేం వింటున్నాడో. ఖాళీ మగ్గం పక్క నుంచి పోయేటప్పుడల్లా, పడుకున్న మనిషి లేస్తాడేమో అన్నట్టు అడుగులు మెల్లగా వేయసాగాడు.

పదకొండోనాడు మళ్లీ పెట్టాలి. మెరిసే ప్లేటొకటి సంచిలో వేసుకున్నాడు. అందులోనే పెట్టి, ఆ మాటే అనుకుంటే తేలిపోతుంది.

వాళ్లు చేరేసరికే కాకి గోడ మీద ఉంది. గిన్నె మూత ఇంకా తీయలేదు. అది గిన్నె వైపు చూడటం లేదు, తల వంచి అతని నోటినే చూస్తోంది.

ప్లేటు బయటికి తీశాడు. కాకి రాకపోతే ఇక బాపుతో చెప్పుకునే దారి ఉండదు. ప్లేటును సంచిలోకి తోసి మోదుగాకు పరిచాడు. అన్నం పెట్టి, ఈసారి పైకే అన్నాడు.

"బాపు ఇంటికి తోల్కపొమ్మన్నడవ్వా. నేనే తేలే."

కాకి దిగిందో లేదో అతను చూడలేదు. తల్లి ముఖమే చూస్తున్నాడు. పెంటవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది.

"గందుకే మీ బాపు ఇంటికొచ్చిండు. మగ్గం కాడ నేనొక్కదాన్నే సప్పుడు చెయ్యకుండ నడుస్తున్న అనుకున్న. నువ్వు గూడ గట్లనే నడవవట్టివి."